మేనల్లుడు మేనకోడలైతే మనిషి మారినట్టా?

తెనాలి మామయ్య
12 జులై 2025, రాత్రి 9:42

ఇన్నాళ్లూ ఇక్కడ సినిమా థ్రెడ్లలో, క్రికెట్ థ్రెడ్లలో తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. ఇది ఇంటి సంగతి. మా అక్క కొడుకు, ఇరవై నాలుగేళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మే నెలలో ఇంటికొచ్చి "అమ్మా, నేను అబ్బాయిని కాదు, అమ్మాయిని. చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు. ఏడాదిగా డాక్టరు చూస్తూనే హార్మోన్లు వాడుతున్నాడట. బావగారు లేరు. అక్క తిండి మానేసింది. "నా కొడుకు పోయాడు, నాకు తలకొరివి పెట్టేవాడు లేకుండా పోయాడు" అని ఒకటే ఏడుపు.

వాడు మా ఇంట్లో ఉండే ఇంటర్ దాకా చదివాడు. ఎక్కాలు తప్పు చెబితే చెవి మెలిపెట్టింది నేనే. నాకు డాక్టర్ల అడ్రసులు వద్దు, "ధైర్యంగా ఉండండి" లాంటి మాటలూ వద్దు. నేను పెంచిన మనిషీ, ఇప్పుడు జుట్టు భుజాల దాకా పెంచుకుని వీడియో కాల్‌లో కనబడుతున్న మనిషీ ఒకరేనా? ఒకరే అయితే దేన్ని పట్టుకుని ఆ మాట చెబుతాం? ఒంటినా, మనసునా, పేరునా?

వేపచెట్టు నీడ
12 జులై, రాత్రి 10:15

మామయ్యగారూ, ఇది బేతాళుడు అడిగేసిన ప్రశ్నే. ఒకావిడ మొగుడూ, అన్నా అమ్మవారి గుడిలో తలలు నరుక్కుంటారు. అమ్మవారు కరుణించి, తలలు మొండేలకు ఆనించు, బతుకుతారు అంటుంది. ఆ కంగారులో ఆవిడ తలలు తారుమారు చేస్తుంది. ఇప్పుడు మొగుడెవరు? అన్ని అవయవాలకూ తలే ప్రధానం, మొగుడి తల ఎవరికుందో వాడే మొగుడు అని విక్రమార్కుడి తీర్పు.

అంటే మన పాతవాళ్లు కూడా మెడ కింది భాగాన్ని పట్టించుకోలేదన్నమాట. మనిషంటే ఆలోచించేది, గుర్తుపెట్టుకునేది.

పల్నాటి పులి
12 జులై, రాత్రి 10:31

తల కూడా ఒళ్లే కదండీ. విక్రమార్కుడు ఓటేసింది శరీరానికే, ఆత్మకి కాదు.

నా మాట కటువుగా ఉంటే మన్నించండి. పుట్టుకతో ఎక్స్‌వై క్రోమోజోములుంటే మగ, ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆడ. మనసులో ఏమనుకుంటున్నాడన్నది వేరే సంగతి. రేపు నేను కలెక్టర్ననుకుంటే నాకు సర్కారు కారు ఇస్తారా? ఆ అబ్బాయిని తిట్టమని నేననడం లేదు. ప్రేమగా చూసుకోండి. ప్రేమ కోసం నిజాన్ని మార్చుకోనక్కర్లేదు, అంతే నేననేది.

ఓరుగల్లు డాక్టరమ్మ
12 జులై, రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. పులిగారూ, నేను స్త్రీల వైద్యురాలిని. ఎక్స్‌వై అయితే మగ అన్న మీ సూత్రం మా ఓపీలోనే బెడిసికొడుతుంది. పదిహేడేళ్లొచ్చినా పిల్ల పెద్దమనిషి కాలేదని తల్లి తీసుకొస్తుంది. చూడడానికి నిండైన ఆడపిల్ల. పరీక్ష చేస్తే క్రోమోజోములు ఎక్స్‌వై, గర్భసంచి లేదు. మగ హార్మోను ఒంట్లో ఉన్నా దాన్ని పట్టుకునే గుణం కణాలకు లేకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఆ తల్లితో "మీకున్నది కొడుకమ్మా" అని చెప్పమంటారా? ఏ డాక్టరూ చెప్పరు. తమిళనాడు రన్నర్ శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో వెండి పతకం గెలిస్తే, లింగ పరీక్ష పేరుతో వెనక్కి తీసుకున్నారు. ఆమె జీవితమంతా ఆడపిల్లగా పెరిగిన మనిషి.

ఇవి ఇంటర్‌సెక్స్ కేసులు, అంటే పుట్టుకతోనే ఒంట్లో ఆడ, మగ లక్షణాలు కలగలిసినవి. మామయ్యగారింటి సంగతి వేరు, రెండూ కలపకూడదు. క్రోమోజోము ఆఖరి మాట కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇంకో కేసు ఉంది, దాన్ని రెండు పక్షాల వాళ్లూ వాడుకుంటారు. కెనడాలో 1965లో కవల మగపిల్లలు పుట్టారు. సున్తీ ఆపరేషన్ వికటించి ఒకడి అంగం కాలిపోయింది. జాన్ మనీ అనే సైకాలజిస్టు, ఎలా పెంచితే అలా అవుతారని నమ్మినవాడు, ఆ బిడ్డను ఆడపిల్లగా పెంచమన్నాడు. ఆపరేషన్ చేశారు, ఆడపేరు పెట్టారు, గౌన్లు తొడిగారు, వయసొచ్చాక ఆడ హార్మోన్లు ఇచ్చారు. బిడ్డ ఒక్కరోజూ ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్లకు తండ్రి నిజం చెప్పాక మగవాడిగానే బతికాడు. డేవిడ్ రైమర్ అతని పేరు. 2004లో ఆత్మహత్య చేసుకున్నాడు.

పల్నాటి పులి
13 జులై, ఉదయం 6:20

డాక్టరుగారూ, ఇది నేను చెప్పినదానికే బలం కదా! ఎక్స్‌వైతో పుట్టాడు, ఎన్ని గౌన్లు తొడిగినా మగాడే అయ్యాడు.

ఓరుగల్లు డాక్టరమ్మ
13 జులై, ఉదయం 7:05

అలా చదవొచ్చు. కానీ ఆ పిల్లాడికి పద్నాలుగేళ్ల దాకా తన క్రోమోజోముల సంగతి తెలియదు. అద్దంలో కనబడేది ఆడపిల్ల, ఇంట్లో, బడిలో అందరూ పిలిచేది ఆడపేరు. ఇన్ని చెబుతున్నా లోపల ఏదో "కాదు" అంటూనే ఉంది. ఆ "ఏదో" బయటివాళ్లు మార్చగలిగేది కాదని ఈ కేసు చెబుతుంది. మామయ్యగారి ఇంట్లోనూ అదే "కాదు" వినిపిస్తోంది, దిశ మాత్రమే వేరు.

అది ఎక్కడినుంచి వస్తుందో తేల్చే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. జన్యువులు, కడుపులో ఉన్నప్పటి హార్మోన్లు, ఇంకా చాలా కలిసి ఉండవచ్చు. జబ్బు కాదన్నది మాత్రం స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో దీన్ని మానసిక రోగాల విభాగం నుంచి తీసేశారు.

పల్నాటి పులి
13 జులై, ఉదయం 7:12

టెస్ట్ లేనప్పుడు నమ్మడం ఎలా? ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నిండు గోదారి
13 జులై, ఉదయం 9:30

దీనికి నేను జవాబిస్తాను. రాజమండ్రి అమ్మాయిని, ట్రాన్స్ మహిళను, హైదరాబాదులో అకౌంట్స్ పనిచేస్తున్నాను.

పులిగారూ, మీరు మగవారని ఏ టెస్ట్ చేసి నమ్మారు? మీ క్రోమోజోముల రిపోర్టు మీరెప్పుడైనా చూశారా? మీ సంగతిలో మీ మాటా, మీ వాలకమూ చాలాయి. నా దగ్గరికొచ్చేసరికే రుజువు కావాలి. అసలు రుజువు అడగనిదెవరు? రైల్లో టీటీఈ ఆధార్ తీసుకుని ఒకసారి కార్డు వంక, ఒకసారి నా వంక చూస్తాడు. ఆ తర్వాత పక్క బోగీ టీటీఈని కేకేస్తాడు. ఇద్దరూ కలిసి చూస్తారు. ఈలోపు కింది బెర్తు కుటుంబం పిల్లల్ని ఇటు జరుపుకుంటుంది. టికెట్ కన్ఫర్మే, డబ్బు కట్టిందీ నేనే, అయినా విజయవాడ దాటేదాకా నేనే సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

బేతాళ కథ నాకూ ఇష్టమే. దాంట్లో ఎవరూ గమనించనిది ఒకటుంది. రాజు తీర్పు చెప్పాడు, బేతాళుడు మెచ్చుకున్నాడు. ఆ తలతో లేచి కూర్చున్న మనిషిని మాత్రం "బాబూ, నువ్వెవరు?" అని ఒక్కరూ అడగలేదు. అతని నోరు బాగానే పనిచేస్తోంది కదా!

మామయ్యగారూ, మనిషి ఒకరేనా అన్నారు. నా సంగతి చెబుతాను. లెక్కలంటే అప్పుడూ ఇష్టం, ఇప్పుడూ ఇష్టం. బొమ్మిడాయిల పులుసు దొరికితే అప్పుడూ ఆగేదాన్ని కాదు. మా అన్నకీ నాకూ ఓ సైకిల్ మీద మొదలైన తగాదా ఉంది, నేను ఆడపిల్లనయ్యాక అది దానంతటదే పోతుందనుకున్నాడు పాపం, పోలేదు. పోయింది ఒకటే. ఎవరైనా గదిలోకి వస్తే ఎలా కూర్చున్నాను, చెయ్యి ఎలా పెట్టాను, గొంతు ఎలా వచ్చింది అని క్షణక్షణం నన్ను నేను కాపలా కాసుకునే అలవాటు. అది పోయాక మా అమ్మే అంది, ఇప్పుడు నీతో మాట్లాడితే నువ్వు దగ్గరే ఉన్నట్టుందే అని. ఆ మాట అనడానికి ఆవిడకు చాలా ఏళ్లు పట్టింది. మీ అక్కగారిని తొందరపెట్టకండి. కానీ "కొడుకు పోయాడు" అన్నప్పుడు ఒక మాట చెప్పండి: పోయినవాళ్లు ఫోన్ ఎత్తరు.

కూచిపూడి గజ్జె
13 జులై, మధ్యాహ్నం 12:10

ఈ చర్చలో ఆడవేషాలు కట్టిన మా వాళ్ల సంగతి రాకపోతే ఎలా? వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా తెర మీదుగా జడ వేస్తే, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లకే అసూయ పుట్టేది. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసి స్త్రీలు నడక నేర్చుకున్నారని చెప్పుకుంటారు. 1956లోనే పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. వేషం విప్పాక వాళ్లు భర్తలు, తండ్రులు, పంచెకట్టు మగవాళ్లు. వాళ్లకీ సందేహం లేదు, ఊరికీ లేదు.

అంటే నడక, మాట, చీరకట్టు, వాలుచూపు, ఇవన్నీ నూటికి నూరుపాళ్లు వచ్చినా ఆడది అయిపోరు. తిప్పి చూస్తే, ఇవేవీ రాకపోయినా ఆడది కాకుండా పోరు. జీన్స్ వేసుకుని గట్టిగా నవ్వే మా చెల్లెలు ఆడది కాదా? మరి మిగిలేది ఏమిటి? వేషం విప్పాక అద్దం ముందు కూర్చున్న మనిషి తనని ఎవరనుకుంటోందన్నదే మిగులుతుంది. నాకింతకన్నా తోచడం లేదు.

నిండు గోదారి
13 జులై, మధ్యాహ్నం 12:40

గజ్జెగారికి దండం. స్థానంవారు తెల్లారేసరికి వేషం విప్పేవారు. నేను ఇంజనీరింగ్ అయ్యేదాకా మగవేషం విప్పలేదు, చప్పట్లు కూడా లేవు.

నిర్వాహకుడు
13 జులై, మధ్యాహ్నం 2:00

ఒక పోస్టు తీసేశాను. అందులోని మాట ఏమిటో చూసినవాళ్లకు తెలుసు. ఇక్కడ విభేదించండి, ఎంతైనా వాదించండి. ఆ మాట మళ్లీ వస్తే ఖాతా ఉండదు.

కొమురెల్లి మల్లన్న
13 జులై, మధ్యాహ్నం 3:25

మాది సిద్దిపేట దిక్కు. మల్లన్న జాతరకు శివసత్తులు వస్తారు, అందులో మగపుట్టుక పుట్టి చీర కట్టి, పసుపు రాసుకుని, దేవుడితో పెండ్లయిందని బతికేవాళ్లు కూడా ఉంటారు. పూనకం వచ్చినప్పుడు మా నాయనలాంటి మొండోడు కూడా కాళ్లమీద పడతాడు, ఈ ఏడు వానలెట్లున్నయని అడుగుతాడు. అదే శివసత్తి సోమవారం పట్నంలో కిరాయికి అర్ర అడిగితే ఇవ్వరు. దేవుడు నమ్మినప్పుడు రాని అనుమానం ఇంటి ఓనరుకు ఎందుకొస్తుందో నాకు అర్థం కాదు.

ఇంకో మాట. హిజ్రా జమాతుల్లో గురువు, చేలా అంటే శిష్యురాలు, నాతిచేలా అంటే శిష్యురాలి శిష్యురాలు, అని చుట్టరికాలు ఉంటాయి. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్లకు అక్కడ పేరు పెడతారు, తల్లి దొరుకుతుంది, కట్టుబాట్లూ దొరుకుతాయి, కష్టాలూ దొరుకుతాయి. కన్నవాళ్లు తలుపు వేసుకుంటే పిల్లలు పోయేది అక్కడికే. అందరూ ఇష్టపడి పోరు.

డల్లాస్ అత్త
13 జులై, సాయంత్రం 6:48

నేను కాస్త భయపడే మనిషిని. ఇక్కడ మా పిల్లల స్కూల్లో ఈ మాటలు వింటుంటే టెన్షన్. పన్నెండు పదమూడేళ్ల పిల్లకు తను ఎవరో ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో 2024లో డాక్టర్ కాస్ నివేదిక వచ్చింది, పిల్లలకు యుక్తవయసును ఆపే మందులిచ్చే పద్ధతికి తగిన ఆధారం లేదని. అదే ఏడాది డిసెంబరులో అక్కడ పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు ఆ మందుల్ని నిరవధికంగా నిషేధించారు. ఇది అడిగితే నన్ను చెడ్డదాన్ని చేయకండి.

ఓరుగల్లు డాక్టరమ్మ
13 జులై, రాత్రి 8:15

ఎవరూ చేయరమ్మా. పిల్లల విషయంలో జాగ్రత్త ఎంత ఉండాలన్నది డాక్టర్ల మధ్యే తెగని వాదన. కానీ మామయ్యగారి ఇంట్లో ఉన్నది ఓటు వేసే, జీతం తెచ్చుకునే మనిషి. పన్నెండేళ్ల పిల్లల భయాన్ని తీసుకెళ్లి ఇరవై నాలుగేళ్ల మనిషి మీద పెట్టడం న్యాయం కాదు. ఇక్కడ చాలా ఇళ్లల్లో జరుగుతున్నది అదే.

కోర్టు వసారా
13 జులై, రాత్రి 9:55

ఆలస్యంగా వచ్చాను, కాస్త పొడుగ్గా రాస్తాను.

2014 ఏప్రిల్ 15న, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీం కోర్టు, జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీ, ఒక మాట తేల్చారు: తాను ఎవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే, ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం కుదరదు. 2019లో చట్టం వచ్చింది. అది మొదట పెట్టిన పద్ధతిలో, జిల్లా కలెక్టరుకు పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకుంటే ట్రాన్స్‌జెండర్ అని గుర్తింపు పత్రం ఇచ్చేవారు, వైద్యపరీక్ష అక్కర్లేకపోయేది. స్త్రీ అనో పురుషుడు అనో రాయించుకోవాలంటే మాత్రం ఆపరేషన్ జరిగిందన్న ఆసుపత్రి కాగితం ఆ చట్టం అడిగింది. సుప్రీం కోర్టు ముందు తలుపు తీస్తే పార్లమెంటు పెరటి తలుపుకి గడియ పెట్టిందని మా బార్‌లో అనుకుంటాం.

మన హైదరాబాదులో ఇంకా విడ్డూరం. నిజాం కాలపు 1919 నాటి చట్టం ఒకటి మొన్నమొన్నటిదాకా పుస్తకాల్లో ఉంది. నపుంసకుల పేర్లు రిజిస్టరులో రాయాలి, అలా రాసినవాళ్లు ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఏడాదిన్నరకి, 2024 డిసెంబరులో, అదే నగరంలో ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా యూనిఫాం వేసుకుని సిగ్నళ్ల దగ్గర నిలబడ్డారు.

ఇప్పుడు అసలు సంగతి. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీం కోర్టు, సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని తీర్పిచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప, ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయే, భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై పెట్టే 498ఏ కింద ఫిర్యాదు చేయవచ్చు అన్నారు. పిల్లల్ని కనలేదు కాబట్టి పూర్తి స్త్రీ కాదని భర్త తరఫున వాదించారు. ఆ వాదన నిలబడలేదు. నిలబడితే పిల్లలు లేని మా పిన్ని గతేమిటి? కేసును మాత్రం, ఆరోపణలకు ఆధారం లేదని అదే తీర్పులో కొట్టేశారు. అది కూడా చెప్పకపోతే సగం నిజం చెప్పినట్టవుతుంది.

రెండు దేశాల్లో రెండు కోర్టులు, రెండు జవాబులు. వాళ్లు ఏ చట్టంలోని ఏ అక్షరాన్ని ఎవరికి వర్తింపజేయాలని తేల్చారు. మనిషిని ఆ మనిషిగా నిలిపేది ఏమిటన్నది కోర్టు తేల్చే పని కాదు. మామయ్యగారు తీర్పుల్లో వెతికితే దొరకదు.

మీ అక్కగారితో ఇంకొకటి చెప్పండి. ఆస్తి గొడవ ఏమీ రాదు. 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన వాటా, ఎన్టీఆర్ పుణ్యమా అని. దేశం మొత్తానికి 2005లో వచ్చింది. తలకొరివి ఆడపిల్లలు పెట్టడం ఇప్పుడు వింతా కాదు, తప్పూ కాదు.

పల్నాటి పులి
14 జులై, ఉదయం 6:40

రాత్రంతా చదివాను. క్రోమోజోముల మాట అన్నిచోట్లా పనిచేయదంటే సరే, దాన్ని వదిలేస్తాను. ఆడపిల్లల హాస్టలూ, ఆడవాళ్ల క్రీడలూ వచ్చినప్పుడు "నేను చెప్పిందే నిజం" అన్నది ఒక్కటే చాలదని మాత్రం ఇప్పటికీ అంటాను. కానీ గోదారిగారి రైలు ముచ్చట చదివాక, టీటీఈ పక్కన నిలబడి చూసేవాళ్లలో నేనుండను.

నిండు గోదారి
14 జులై, ఉదయం 8:02

చాలండీ. క్రీడల గురించి మరో థ్రెడ్ తెరవండి, అక్కడ కొట్టుకుందాం.

తెనాలి మామయ్య
16 జులై, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. రెండు రోజులు అక్క దగ్గరే ఉన్నాను. తలకొరివి సంగతి లాయరుగారు చెప్పినట్టే చెప్పాను. "అయితే అది పెడుతుందా, నిజంగా?" అంది. తర్వాత కంచం ముందు కూర్చుంది. తనతో ఫోన్లో మాట్లాడలేదు కానీ, నేను మాట్లాడుతుంటే పక్కనే నిలబడి వింది.

ఒంటినా, మనసునా అని అడిగాను కదా. తనని సూటిగా అడిగేశాను, నువ్వెవరివే అని. "ఎనిమిదో ఎక్కం ఇప్పటికీ రానిదాన్ని మామయ్యా" అంది. నిజమే, ఎనిమిదో ఎక్కమే.

ఇప్పుడు వేరే చిక్కొచ్చింది. శ్రావణంలో మా పెద్దమ్మాయి పెళ్లి, విజయవాడలో కల్యాణ మండపం. కార్డులో మేనత్త కుటుంబం పేర్లు వేయాలి. ప్రెస్సువాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. పాత పేరు వేయనా, కొత్త పేరు వేయనా?

కోర్టు వసారా
16 జులై, రాత్రి 8:41

కార్డుకి ఆధార్ అక్కర్లేదండీ. ఆ అమ్మాయినే అడగండి.

డల్లాస్ అత్త
16 జులై, రాత్రి 9:10

చుట్టాలకు ఒక్కసారిగా షాక్ ఇవ్వకండి. "మేనత్త కుటుంబ సభ్యులు" అని వేసేయండి.

నిండు గోదారి
16 జులై, రాత్రి 9:22

అత్తగారి సలహా తెలివైనదే. అయినా ముందు తనని అడగండి.

తెనాలి మామయ్య
17 జులై, రాత్రి 7:55

అడిగాను. "కార్డు మీద నా పేరు వద్దులే, అమ్మకి ఇంకాస్త టైమిద్దాం. పెళ్లికి మాత్రం వస్తాను. నా బస ఎక్కడో చూడు, మగపెద్దల గదిలో మాత్రం వేయకు" అంది. మండపంలో మాకు ఇచ్చేవే నాలుగు గదులు. దానికి పక్క హోటల్లో విడిగా ఓ గది తీసుకుందామనుకుంటున్నాను, ఏసీతో.

నిండు గోదారి
17 జులై, రాత్రి 8:03

ఏసీ ఉన్నా వెలి వెలేనండీ. పెళ్లికూతురి గదిలో ఆడపిల్లలంతా ఉంటారు కదా, మీ అమ్మాయిని అడిగారా?

తెనాలి మామయ్య
17 జులై, రాత్రి 9:40

ఇప్పుడే అడిగాను. "మా గదిలో ఇప్పటికే ఆరుగురం ఉన్నాం నాన్నా, ఒక్కటే బాత్రూం. తెల్లారి నాలుగింటికి మేకప్ ఆమె వస్తుంది. అందరికంటే ముందు లేచి స్నానం చేసేస్తానంటే రమ్మను" అంది. ఆ మాటే దానికి వాట్సాప్ చేశాను. మూడింటికి అలారం పెట్టుకుంటానంది.